మనవాడు ఆడబోయేది 13-ఎఫ్ టీములో: సిడ్నీ క్యాథలిక్ బాయ్స్ స్కూళ్లలో ఏది ఎవరికి?

వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ వైపు ఉండే మన తెలుగువాళ్ల ఇళ్లలో అబ్బాయి నాలుగో తరగతికి రాగానే రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి సెలెక్టివ్ స్కూలు, అంటే ప్రవేశ పరీక్ష రాసి చేరే ప్రభుత్వ బడి, దాని కోచింగ్. రెండోది కాస్త గొంతు తగ్గించి అనే మాట: "పోనీ ఏదైనా క్యాథలిక్ స్కూలు చూద్దామా?"

ఆ రెండో మాట వెనక మన చిన్నప్పటి బొమ్మ ఒకటి ఉంటుంది. ఫాదర్ల బడి అంటే క్రమశిక్షణ, ఇంగ్లీషు, పెద్ద గ్రౌండు. హైదరాబాదులో ఆల్ సెయింట్స్‌లో అజహరుద్దీన్ చదివాడు, లిటిల్ ఫ్లవర్‌లో లక్ష్మణ్ చదివాడు. రెండూ మాంట్‌ఫోర్ట్ బ్రదర్స్ నడిపే బళ్లే. విజయవాడ వాళ్లకైతే ఆంధ్ర లయోలా ఉండనే ఉంది, అది జెస్యూట్లనే క్యాథలిక్ ఫాదర్ల సంఘానిది. అదే జెస్యూట్లు సిడ్నీలోనూ ఉన్నారు కాబట్టి ఇక్కడా అలాగే ఉంటుందని బయలుదేరతాం.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర ఆటలు ఆసక్తి ఉన్నవాడికి. సిడ్నీలోని పాత క్యాథలిక్ బాయ్స్ స్కూళ్లలో ఆట అందరికీ, అదీ శనివారం, అదీ తప్పనిసరి. మనవాళ్లకు శనివారం వెంకటేశ్వరస్వామిది, ట్యూషన్ మాస్టారిది, సంగీతం టీచరుది. స్కూల్లో చేర్చాక అది స్కూలుది అయిపోతుంది. నేను చూసినంతలో ఏ స్కూలు నచ్చిందో, ఏది నచ్చలేదో చివరికి తేల్చేది ఫీజు కంటే, ర్యాంకు కంటే, ఈ శనివారమే. అందుకే స్కూళ్లను ఆ వైపు నుంచే పోలుస్తాను.

మరో మాట కూడా ముందే చెప్పాలి. ఓపెన్ డే రోజున మనకు చూపించేది ఫస్ట్ ఫిఫ్టీన్‌ని, అంటే ఆ స్కూలు మొదటి రగ్బీ జట్టుని. హాలు గోడల మీద బంగారు అక్షరాల్లో ఉన్న పేర్లూ వాళ్లవే. మనవాడు ఆడబోయేది మాత్రం పదమూడేళ్లలోపు పిల్లల ఎఫ్ టీములో. 13-ఏ, 13-బీ అంటూ దిగుతూ పోతే కింద ఎక్కడో ఉండే టీము అది. ఆ 13-ఎఫ్‌కి కోచ్ ఎవరు, ఎంత దూరం పంపుతారు, వాన పడితే ముందు ఎవరి మ్యాచ్ రద్దు చేస్తారు అన్నది ఆ స్కూలు అసలు సంగతి చెబుతుంది.

ముందు ఈ కులగోత్రాలు తెలియాలి

సిడ్నీలో ప్రైవేటు స్కూళ్లు ఆటల కోసం కూటాలుగా ఉంటాయి. 1892లో మొదలైన జీపీఎస్ కూటంలో క్యాథలిక్ స్కూళ్లు రెండు: హంటర్స్ హిల్‌లోని సెయింట్ జోసెఫ్స్, లేన్ కోవ్ నది ఒడ్డున ఉన్న సెయింట్ ఇగ్నేషియస్. మొదటిదాన్ని అందరూ జోయీస్ అంటారు, రెండోదాన్ని రివర్‌వ్యూ అంటారు. 1929లో మొదలైన సీఏఎస్ కూటంలో మిల్సన్స్ పాయింట్ దగ్గరి సెయింట్ అలోషియస్, వేవర్లీ కాలేజీ ఉన్నాయి. ఐఎస్‌ఏ అనే మరో కూటంలో స్ట్రాత్‌ఫీల్డ్ సెయింట్ ప్యాట్రిక్స్, చాట్స్‌వుడ్ సెయింట్ పయస్ టెన్త్ ఉన్నాయి. వీటన్నిటికీ వేరుగా డయోసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చి పరిధి, నడిపే స్కూళ్లు ఉంటాయి, మన ఇళ్ల పక్కనే ఉన్న ప్యారమాటా మారిస్ట్ లాంటివి. ఇక్కడ "కాలేజీ" అని పేరున్నా హైస్కూలే. మొన్న ఊరి నుంచి వచ్చిన మా మామగారు "ఏడో తరగతికే కాలేజీయా!" అని మురిసిపోయారు.

ఫీజుల సంగతి రెండు ముక్కల్లో: జీపీఎస్, సీఏఎస్ స్కూళ్లు ఏడాదికి పదుల వేల డాలర్లు. ఐఎస్‌ఏ స్కూళ్లు వాటికంటే తక్కువ. డయోసిస్ స్కూళ్లది వాటిలో చిన్న భాగం. అంకెలు ఏటా మారతాయి కాబట్టి స్కూలు వెబ్‌సైటులోనే చూసుకోండి. కాకపోతే ఫీజు పట్టీలో కనపడనివి కొన్ని ఉంటాయి. బ్లేజరు, ఆటల బూట్లు, దంతాలకు పెట్టుకునే మౌత్‌గార్డు, సంగీత వాద్యం అద్దె, టూర్లు, ఇంకా శనివారం పెట్రోలు.

జోయీస్: రగ్బీ తెలియకపోతే కష్టం

మారిస్ట్ బ్రదర్స్ 1881లో పెట్టిన స్కూలు. ఇసుకరాతి భవనాలు, ముదురు గులాబీ-నీలం రంగులు. ఆస్ట్రేలియా జాతీయ రగ్బీ జట్టుకు ఈ స్కూలు ఇచ్చినంత మందిని ఏ స్కూలూ ఇవ్వలేదు. 1999 రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్లో ఒక్కడే 25 పాయింట్లు కొట్టిన మ్యాట్ బర్క్ ఇక్కడివాడే. మన పశ్చిమ సిడ్నీ వైపు మౌంట్ డ్రూయిట్ నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చి దేశానికి ఆడిన కర్ట్లీ బీల్ కూడా ఇక్కడివాడే.

ఒక్కసారైనా శీతాకాలం శనివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్లి చూడండి. ఫస్ట్ ఫిఫ్టీన్ మ్యాచ్ అంటే స్కూలు మొత్తం, చిన్నా పెద్దా, బ్లేజర్లతో టైలతో ఒకేచోట గట్టు మీద కూర్చుంటుంది. ఒక పెద్ద కుర్రాడు ముందుకొచ్చి చెయ్యెత్తుతాడు. అంతే, వందల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. వార్ క్రై అంటారు దాన్ని. మాటలు అర్థం కావు, ఛాతీలో మోగుతుంది. పక్కనున్న తల్లి ఎవరో శాండ్‌విచ్ పొట్లం విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. మా వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. భయమేసిందో బాగుందో వాడికీ తెలియలేదు.

జోయీస్ ప్రధానంగా బోర్డింగ్ సంప్రదాయం ఉన్న స్కూలు. పల్లెల నుంచి, పశువుల ఫారాల నుంచి వచ్చే పిల్లలు అక్కడే ఉంటారు. ఇంటి నుంచి వచ్చే పిల్లలు కూడా సాయంత్రం స్టడీ అయ్యేదాకా అక్కడే ఉండాల్సిన పద్ధతి. మన నారాయణ, చైతన్య హాస్టళ్లను తలుచుకుని "ఓహో, స్టడీ అవర్సా!" అని సంబరపడే నాన్నలను చూశాను. పోలిక అక్కడితో సరి. ఇక్కడ స్టడీకి ముందు మైదానం ఉంటుంది.

ఎవరికి? కండబలం ఉన్నవాడికి మాత్రమే అని మనవాళ్లు అనుకుంటారు, అది పొరపాటు. గుంపులో ఉంటే వికసించే పిల్లాడికి ఇది మంచి చోటు. అన్నదమ్ములు లేని ఒంటరి పిల్లలు అక్కడ పాతికమంది అన్నలతో తేలతారు. మరి పుస్తకం పట్టుకుని చెట్టు కింద కూర్చుంటే ప్రాణం లేచొచ్చే పిల్లాడికి అంత సందడి బరువవుతుంది. శాకాహారులైతే బోర్డింగ్ భోజనం గురించి విడిగా, ఒక వారం మెనూ చేతిలో పెట్టించుకుని మరీ అడగండి. "వెజిటేరియన్ ఆప్షన్ ఉంటుంది" అన్న మాట వారానికి ఐదు రోజులు పాస్తా అని అర్థం కావచ్చు.

రివర్‌వ్యూ: నది, మాట

1880లో జోసెఫ్ డాల్టన్ అనే జెస్యూట్ ఫాదర్ మొదలుపెట్టారు. విశాలమైన స్థలం, కింద నది. అక్కడ 1907లో ఫాదర్ ఎడ్వర్డ్ పిగట్ పెట్టిన అబ్జర్వేటరీ ఉంది. ఆకాశంతో పాటు భూకంపాలను నమోదు చేసినందుకూ దానికి పేరు. స్కూలు చూడ్డానికి వెళ్తే దాన్ని అడిగి చూడండి. సైన్సు పిచ్చి ఉన్న పిల్లాడు అక్కడి నుంచి కదలడు.

ఇక్కడి ఆటల్లో నాకు మనసు పడ్డది పడవ పందెం. రివర్‌వ్యూ గోల్డ్ కప్ అని ఏటా వీళ్లు నడిపే రెగాటా పందొమ్మిదో శతాబ్దం నాటిది. జీపీఎస్ స్కూళ్ల పెద్ద పందెం 'హెడ్ ఆఫ్ ద రివర్' 1893 నుంచి ఉంది. ఇప్పుడది పెన్రిత్‌లో, 2000 ఒలింపిక్స్‌కి కట్టిన సరస్సులో జరుగుతుంది. చిన్న తరగతుల్లో నలుగురి పడవ, పైకి వెళ్లాక ఎనిమిది మంది పడవ. తెల్లవారకముందే నీళ్లలో ఉండాలి. అంటే నాలుగున్నరకు లేవాలి. లేచేది వాడొక్కడే కాదు, కారు తీసే మీరు కూడా.

మనవాళ్లకు తెలియని చిన్న రహస్యం ఒకటుంది. ఎనిమిది మంది తెడ్లు వేస్తుంటే వెనక్కి తిరిగి కూర్చుంటారు, ఎటు పోతున్నారో వాళ్లకు కనపడదు. దారి చూసేది తొమ్మిదోవాడు, కాక్స్. పడవకు భారం కాకుండా బక్కపలచగా ఉండాలి, గొంతు మాత్రం ఖంగుమనాలి. తనకంటే అడుగు ఎత్తు, రెట్టింపు బరువు ఉన్న ఎనిమిది మందిని అదిలిస్తూ, చుక్కాని తాడు పట్టుకుని గీత తప్పకుండా నడిపించాలి. "మావాడు సన్నంగా ఉంటాడండీ, వీళ్లతో ఏం ఆడతాడు" అని బెంగపడే తల్లులకు నేను ముందు చెప్పేది ఈ కాక్స్ సంగతే. గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు, సరంగు లేని పడవ ఏమవుతుందో.

రెండోది మాట. డిబేటింగ్, వక్తృత్వం ఈ స్కూళ్లలో ఆటలతో సమానంగా నడుస్తాయి. జీపీఎస్, సీఏఎస్ స్కూళ్లకు కలిపి లారెన్స్ క్యాంప్‌బెల్ వక్తృత్వ పోటీ ఉంది. ఒక్కో స్కూలు నుంచి ఒక్కడే వెళ్తాడు, విషయం చేతికిచ్చాక తయారీకి పావుగంటే. బట్టీ పట్టి వెళ్లేది కాదు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి అడిగినదానికి వెంటనే తేరుకుని చెప్పినట్టు చెప్పాలి. రివర్‌వ్యూ నుంచి వచ్చినవాళ్లలో మాజీ ప్రధాని టోనీ అబాట్ ఉన్నాడు. చిత్రకళ విమర్శలో ప్రపంచ పేరు తెచ్చుకున్న రాబర్ట్ హ్యూస్, నాటక రచయిత నిక్ ఎన్‌రైట్, కవి క్రిస్టఫర్ బ్రెన్నన్ కూడా ఉన్నారు. మాటతో బతికినవాళ్లే అందరూ, గమనించారా? నేనైతే మాటకారి పిల్లాడికి, ఎదురు ప్రశ్నలేసి మనల్ని విసిగించే పిల్లాడికి దీన్నే ముందు పెడతాను.

లోపం దూరం. అక్కడికి రైలు లేదు. వెస్ట్‌మీడ్ వైపు నుంచి స్కూలు బస్సులు, రోడ్డు రద్దీ కలిపి చూసుకుంటే రోజూ రావడానికీ పోవడానికీ చాలా సమయం పోతుంది. పడవ సాధన రోజుల్లో ఆ లెక్క ఇంకా మారిపోతుంది.

సెయింట్ అలోషియస్: రైలు దిగగానే పాట

ఇదీ జెస్యూట్లదే, 1879 నాటిది. 1903 నుంచి మిల్సన్స్ పాయింట్‌లో ఉంది, హార్బర్ బ్రిడ్జి పక్కనే. బ్రిడ్జి తయారైంది 1932లో కాబట్టి స్కూలే దానికి పెద్దన్న. బోర్డింగ్ లేదు. మూడో తరగతి నుంచే తీసుకుంటారు. మనకు దీని మొదటి ఆకర్షణ చెప్పనా? టీ-1 లైను. వెస్ట్‌మీడ్‌లో ఎక్కినవాడు మారకుండా ప్యారమాటా, స్ట్రాత్‌ఫీల్డ్, సెంట్రల్, విన్యార్డ్ దాటి, బ్రిడ్జి ఎక్కి, మిల్సన్స్ పాయింట్‌లో దిగుతాడు. దిగితే నడక దూరం. పొద్దున పూట బ్రిడ్జి మీద రైలు కిటికీలోంచి నీళ్లు మెరుస్తుంటే లెక్కల పుస్తకం ఎవరు తెరుస్తారు లెండి.

స్థలం ఇరుకు. మైదానాలు స్కూలు దగ్గర కాదు, విల్లబీ వైపు ఉన్నాయి. ఇంత ఇరుకులో ఉన్నందుకేనేమో, జిమ్నాస్టిక్స్ ఇక్కడ పాత సంప్రదాయంగా నిలిచింది. దానికి గ్రౌండు అక్కర్లేదు, హాలు చాలు. కోతిచేష్టలు చేసే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. క్రికెట్, రగ్బీ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఉండనే ఉన్నాయి, శనివారం తప్పదు కూడా. కానీ ఈ స్కూలు పేరు చెప్పగానే ఇక్కడివాళ్లు అనే మాట సంగీతం. వాద్య బృందాలు, బృందగానం, ఏటా నాటకం.

అబ్బాయిల బడిలో నాటకం అంటే ఆడవేషం ఎవరు వేస్తారు? ఇప్పుడైతే సాధారణంగా చుట్టుపక్కల బాలికల స్కూళ్ల నుంచి అమ్మాయిలు వచ్చి కలుస్తారు. వెనకటికి అబ్బాయిలే వేసేవారు. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచొస్తే ఊళ్లకు ఊళ్లు కదిలిన నేల మనది. వేదాంతం సత్యనారాయణశర్మ జడ తిప్పితే స్త్రీలే ముచ్చటపడ్డ కూచిపూడి మనది. ఈ విషయంలో ఇక్కడి తండ్రుల కంటే మనమే తక్కువ సిగ్గుపడాలి. నిజానికి మనవాళ్లే ఎక్కువ ముడుచుకుంటున్నారు: "డ్రామాలో చేరితే మార్కులు పోతాయేమో" అని.

ఆన్ డో పేరు విని ఉంటారు. వియత్నాం నుంచి పడవలో శరణార్థులుగా వచ్చిన కుటుంబంలోని పిల్లాడు. తరవాత దేశమంతా నవ్వించిన హాస్యగాడు, రచయిత, మనుషుల రూపచిత్రాలు గీసే చిత్రకారుడు అయ్యాడు. చదివింది సెయింట్ అలోషియస్‌లో. వలస ఇంటి పిల్లాడు ఇలాంటి బడిలో ఎలా ఇమిడిపోతాడు అని అడిగేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

స్ట్రాత్‌ఫీల్డ్ సెయింట్ ప్యాట్రిక్స్: మధ్యేమార్గం

1928లో క్రిస్టియన్ బ్రదర్స్ పెట్టినది. బుకర్ బహుమతి అందుకున్న నవలాకారుడు థామస్ కెనీలీ చదివిన స్కూలు. అయిదో తరగతి నుంచి ఉంటుంది. అదే రైలు లైను, ఇంకా దగ్గర. ఫీజు జీపీఎస్ వాటికంటే తక్కువ. శనివారం ఆట ఇక్కడా ఉంటుంది గానీ హడావిడి అంత కాదు. మన పిల్లలు ఈ మధ్య ఇక్కడ బాగానే కనపడుతున్నారు, క్రికెట్ టీముల్లో మరీను. పెద్ద పేరు అక్కర్లేదు, పద్ధతి ఉంటే చాలు అనుకునేవారికి ఇది చాలు. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర లేదు.

ప్యారమాటా మారిస్ట్: పక్కింటి చుట్టం

పక్కనే ఉందని మనకు చులకన. నిజానికి దేశంలోనే పాత క్యాథలిక్ స్కూలు ఇది. 1820లో ఫాదర్ జాన్ జోసెఫ్ థెరీ ప్యారమాటాలో మొదలుపెట్టిన బడి నుంచి దీని చరిత్ర మొదలవుతుంది. 1875లో మారిస్ట్ బ్రదర్స్ చేతికి వచ్చింది. 1966లో వెస్ట్‌మీడ్‌కి మారింది. స్టేషను నుంచి నడిచిపోవచ్చు. పైన చెప్పిన జోయీస్, రివర్‌వ్యూ, అలోషియస్ అన్నీ దీనికంటే అరవై ఏళ్లు చిన్నవి.

ఇక్కడి ప్రత్యేకత పాఠం చెప్పే తీరు. 2008 ప్రాంతం నుంచి ప్రాజెక్టుల ద్వారా నేర్పే పద్ధతి పెట్టారు. పిల్లలు గుంపులుగా కూర్చుని ఒక సమస్యను పట్టుకుని వారాల తరబడి తేలుస్తారు. మొదటిసారి చూసినప్పుడు "టీచరు ఎక్కడ?" అని మా ఆవిడ వెతుక్కుంది. బోర్డు ముందు నిలబడి గట్టిగా చెప్పే మాస్టారికి అలవాటుపడ్డ మనకు అది గోలలా కనిపిస్తుంది. ఉద్యోగంలో రోజూ మనం చేసేది మాత్రం అదే పని కదా, గుంపులో కూర్చుని ఎవరి వాటా వాళ్లు తేల్చడం.

ఆటల్లో మరో తేడా. ఇటువైపు జనం ప్రాణం పెట్టేది రగ్బీ లీగ్ మీద, పదమూడు మంది ఆడేది. జీపీఎస్ వాళ్లు ఆడేది పదిహేను మంది రగ్బీ యూనియన్. ఆ రెంటినీ కలిపి మాట్లాడితే ఆఫీసులో నవ్వుతారు, నాకు అనుభవమే. డయోసిస్ స్కూళ్ల పోటీలు ఎక్కువగా పనిదినాల్లోనే అయిపోతాయి. అంటే శనివారం మీది మీకే మిగులుతుంది. వారాంతపు క్లబ్ క్రికెట్, మృదంగం, తెలుగు బడి, స్వామి దర్శనం ఏవీ మానక్కర్లేదు. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరాలయానికి ఇటు నుంచి వెళ్లాలంటే పోను గంట, రాను గంట. శనివారం మ్యాచ్ ఉన్న ఇంట్లో అది ఆదివారానికి జరుగుతుంది, తరవాత నెలకు జరుగుతుంది, తరవాత బ్రహ్మోత్సవాలకు జరుగుతుంది.

నా మట్టుకు నాకు, బయట ఇప్పటికే ఏదో ఒక కళనో ఆటనో గట్టిగా పట్టుకున్న పిల్లాడికి ఇదే సరైన స్కూలు. వాడికి కావలసింది కొత్త సంప్రదాయం కాదు, ఉన్నదాన్ని మింగేయని బడి. ఏ పనీ చేతబట్టని, సాయంత్రం సోఫాకు అతుక్కుపోయే పిల్లాడికి తప్పనిసరి శనివారాలున్న స్కూలు మేలు చేస్తుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: వారానికి నాలుగు క్లాసులకు తిరిగే పిల్లాణ్ణి తీసుకెళ్లి జీపీఎస్‌లో వేసి, ఆరు నెలలకు వీణో క్రికెట్ అకాడమీయో మాన్పిస్తారు.

మతం సంగతి

ఇది అడగడానికి మొహమాటపడతారు, అడగండి. మనలాంటి హిందూ కుటుంబాల పిల్లలను తీసుకుంటారు, అయితే క్యాథలిక్ కుటుంబాలకు ముందు వరస. చేరాక మాస్‌కి, అంటే చర్చి ప్రార్థనకి, అందరూ వెళ్లాలి, మతబోధ క్లాసు అందరికీ ఉంటుంది. ప్రసాదంలా ఇచ్చే అప్పం క్యాథలిక్కులకే. మిగతా పిల్లలు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ దీవించి పంపుతారు. మావాడికి అది నేర్పింది వాడి పక్కన కూర్చున్న లెబనీస్ పిల్లాడు. పదకొండు, పన్నెండు తరగతుల్లో 'స్టడీస్ ఆఫ్ రిలిజియన్' అనే హెచ్‌ఎస్‌సీ (పన్నెండో తరగతి చివర రాసే రాష్ట్ర పరీక్ష) పాఠ్యాంశం ఉంటుంది. దాని సిలబసులో హిందూమతం కూడా ఉంది. అది మీ స్కూల్లో చెబుతారా అన్నది వేరే ప్రశ్న. ఏ మతాలు ఎంచుకోవాలో స్కూలే నిర్ణయిస్తుంది. ఓపెన్ డేలో మతబోధ టీచరును పట్టుకుని అడిగితే నిమిషంలో తేలిపోతుంది.

కళలను ఎలా తూచాలి

ఆటల పేరు గోడల మీద రాసి ఉంటుంది, కళలది ఉండదు. కాబట్టి వెతకాలి. నేనైతే హెచ్‌ఎస్‌సీ వైపు నుంచి చూస్తాను. చిత్రకళ పాఠ్యాంశంలో పిల్లాడు సొంతంగా చేసే 'బాడీ ఆఫ్ వర్క్' అనే కళాఖండాల వరసకు సగం మార్కులు. రాష్ట్రం మొత్తంలో మంచివి ఏరి 'ఆర్ట్‌ఎక్స్‌ప్రెస్' పేరుతో ప్రదర్శిస్తారు. నాటకానికి 'ఆన్‌స్టేజ్', సంగీతానికి 'ఎన్‌కోర్' అలాంటివే. "మీ స్కూలు పిల్లల పని వీటిలో ఈ మధ్య ఎప్పుడు వచ్చింది?" అని అడగండి. సంగీతం-1 పాఠ్యాంశంలో 'ఒక సంస్కృతి సంగీతం' అనే విభాగం కూడా ఉంది. కాబట్టి "మావాడు మృదంగం వాయిస్తాడు, హెచ్‌ఎస్‌సీలో దానికి చోటుందా?" అని సంగీతం టీచరును అడిగి ఆయన ముఖం చూడండి. "ఓ, వినిపిస్తావా?" అన్నవాడు ఒక రకం. "ముందు ట్రంపెట్ మొదలుపెట్టిస్తాం" అన్నవాడు మరో రకం. ఆ రెండో జవాబు విన్న ఒక స్కూలు పేరు చెప్పను గానీ, అక్కడి ఆడిటోరియం మాత్రం అద్భుతంగా ఉంది.

అదే స్కూల్లో మాకు ఇంకోటి తగిలింది. వాద్య బృందం రిహార్సలూ క్రికెట్ నెట్సూ ఒకే మంగళవారం ఉదయం. రెండూ తప్పనిసరి. రెండు విభాగాల వాళ్లూ "ఎదుటివాళ్లతో మాట్లాడుకోండి" అన్నారు. పదకొండేళ్ల పిల్లాడు ఇద్దరు పెద్ద మాస్టార్ల మధ్య రాయబారం నడపాలన్నమాట. ఆటలూ కళలూ రెండూ గొప్పగా ఉన్నాయని చెప్పే ప్రతి స్కూలునీ, ఆ రెండింటి టైమ్‌టేబుల్ పక్కపక్కన పెట్టి చూపించమనండి.

అమ్మల ప్రశ్న: దెబ్బలు తగలవా?

తగులుతాయి. రగ్బీ అంటే ఒకరినొకరు పడగొట్టే ఆటే. తలకు దెబ్బ తగిలితే ఆపి, డాక్టరు ఒప్పుకునేదాకా ఆడనివ్వకూడదన్న నియమాలు గట్టిగానే ఉన్నాయి. అయినా భయం భయమే. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, శీతాకాలపు ఆట తప్పనిసరి గానీ రగ్బీయే తప్పనిసరి కాదు. ఫుట్‌బాల్ తీసుకోవచ్చు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఫుట్‌బాల్ ఆడే పిల్లాడిని మిగతావాళ్లు రెండో రకంగా చూస్తారా? దీనికి స్కూలువాళ్లు ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. అక్కడ చదివే పిల్లాడిని విడిగా అడిగితే వేరే జవాబు వస్తుంది. వేసవిలో, అంటే నాలుగో టర్ము, మొదటి టర్ముల్లో క్రికెట్ ఉంటుంది. అది మన ఇలాకా కాబట్టి దాని గురించి నేనేం చెప్పను. ఒక్కటే: శనివారం క్రికెట్ మ్యాచ్ అంటే అరపూట కాదు, చాలాసార్లు పూటంతా. పులిహోర డబ్బా, గొడుగు, మడత కుర్చీ కారులోనే ఉంచేసుకోండి.

దరఖాస్తు సంగతి మరిచిపోకండి. పెద్ద స్కూళ్లకు ఏడో తరగతి చేరికకు రెండు మూడేళ్ల ముందే పేరు ఇవ్వాలి, ఇంటర్వ్యూ ఉంటుంది, వెయిటింగ్ లిస్టు ఉంటుంది. ఒప్పుకున్నాక కట్టే డబ్బు తిరిగి రాదు. సెలెక్టివ్ పరీక్ష ఆరో తరగతిలో కాబట్టి, ఫలితం చూసి తేల్చుకుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. "రెండింటికీ కడతాం, ఏది వస్తే అది" అంటారు కొందరు. అది డబ్బున్నవాళ్ల లెక్క. సెలెక్టివ్ వస్తే క్యాథలిక్ స్కూలు మానేస్తామని ముందే అనుకుంటే అసలు ఎందుకు కట్టడం అని నా ప్రశ్న. ఇంకోటి: న్యూయింగ్టన్, క్రాన్‌బ్రూక్ లాంటి పాత బాయ్స్ స్కూళ్లు అమ్మాయిలను కూడా చేర్చుకునే దారి పట్టాయి. అవి క్యాథలిక్ స్కూళ్లు కావు గానీ గాలి అటు వీస్తోంది. అబ్బాయిల స్కూలు కావాలనే మీరు వెళ్తుంటే, మీవాడు పన్నెండో తరగతికి వచ్చేసరికి ఇది ఇలాగే ఉంటుందా అని అడగడంలో తప్పులేదు.

ఇక చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలి? ఓపెన్ డేకి వెళ్లండి, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకండి. జూన్‌లోనో జులైలోనో ఒక శనివారం, ఎనిమిది గంటల ముందే, ఎవరికీ చెప్పకుండా వెళ్లండి. పెద్ద గ్రౌండు దగ్గర ఆగొద్దు. వెనక ఎక్కడో, చెట్ల అవతల, మంచు ఇంకా ఆరని గడ్డి మీద 13-ఎఫ్ ఆడుతుంటుంది. గట్టు మీద నలుగురు తల్లిదండ్రులు, పొగలు కక్కే కాఫీ కప్పులు. 40-0తో ఓడిపోతున్నారనుకోండి. అప్పుడు కోచ్ చేతులు కట్టుకుని ఫోను చూసుకుంటున్నాడా, లేక గీత వెంబడి పరిగెత్తుతూ, బంతి జారవిడిచిన పిల్లాడి పేరు పెట్టి పిలుస్తున్నాడా అన్నది చూసి ఇంటికి రండి.